బెర్లిన్ స్కేటింగ్ మారథాన్‌కి పేరిచ్చేశాను, ఇక్కడ ఎవరైనా చేశారా?

చక్రపాణి_బెర్లిన్ | 9 మార్చి 2025

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

బెర్లిన్ మారథాన్ పరుగు ఆదివారం అని అందరికీ తెలుసు. దానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, అవే రోడ్ల మీద అదే 42.195 కిలోమీటర్లు ఇన్‌లైన్ స్కేట్ల మీద, అంటే చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్ల మీద, వెళ్ళే పందెం ఒకటుంది. 1997 నుంచి జరుగుతోంది. నేనుండేది హెర్మన్‌ప్లాట్స్ దగ్గర. పోయినేడు కూరగాయలకని సంచీ పట్టుకుని కిందికి దిగితే రోడ్డు మూసేసి ఉంది. దూరం నుంచి జల్లెడలో ఇసుక పోసి ఆడిస్తున్నట్టు ఒక చప్పుడు. అది పెరిగి పెరిగి దగ్గరికొచ్చింది. ఓ నలభై మంది ఒకరి వెనక ఒకరు, అందరిదీ ఒకే కాలు ఒకేసారి వేస్తూ, నడుములు వంచి, చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళముందు నుంచి జారిపోయారు. గంటసేపు అక్కడే నిలబడిపోయాను. ఖాళీ సంచీతో ఇంటికెళ్తే అక్షింతలు పడ్డాయి, అది వేరే సంగతి.

నాకు 41 ఏళ్ళు. చిన్నప్పుడు వైజాగ్‌లో స్కేటింగ్ నేర్చుకున్నాను, ముందు రెండు వెనక రెండు చక్రాలుండే పాత రకం. మూడేళ్ళ కిందట మా అమ్మాయికి తోడుగా ఇన్‌లైన్ స్కేట్లు కొన్నాను. నాలుగు చక్రాలు, 84 మిల్లీమీటర్లవి. ఆదివారాలు పార్కులో పది, పన్నెండు కిలోమీటర్లు తిరుగుతాను. అంతకుమించి ఎప్పుడూ వెళ్ళలేదు. నిన్న రాత్రి ఏ దెయ్యం పట్టిందో, డబ్బు కట్టేశాను.

ఆరు నెలలు చాలుతాయా? చక్రాలు మార్చాలా? మడమ బ్రేక్ తీసేయమని పార్కులో ఒకతను చెప్పాడు, తీసేయాలా?

---

పరుగు_పిచ్చోడు | హైదరాబాద్ | 9 మార్చి

అన్నా, నేను పరిగెత్తే మారథాన్లు ఆరు చేశాను. చక్రాలుంటే సగం పని అవే చేస్తాయి కదా. నవ్వుతూ పూర్తిచేస్తారు, టెన్షన్ ఎందుకు?

---

డులూత్_సుబ్బు | మినియాపొలిస్ | 10 మార్చి

పిచ్చోడు గారూ, చక్రాలు సగం పని చేస్తాయి, నిజమే. మిగతా సగం మీ నడుము చేస్తుంది. ఒకసారి గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు కూర్చోండి. అలా రెండు గంటలు ఉండాలి. అదీ ఒక్కో క్షణం ఒంటికాలి మీద.

చక్రపాణి గారూ, నేను ఇక్కడ అమెరికాలో జరిగే నార్త్‌షోర్ ఇన్‌లైన్ మారథాన్ మూడుసార్లు చేశాను. సుపీరియర్ సరస్సు ఒడ్డునే టూ హార్బర్స్ వైపు నుంచి డులూత్ ఊళ్ళోకి వచ్చే పందెం. 1996లో మొదలైంది, మీ బెర్లిన్ కంటే ఒక ఏడాది పెద్ద. తెల్లారకముందే బస్సుల్లో ఎక్కించి మొదలయ్యే చోట దింపేస్తారు. సెప్టెంబరు చలి, పక్కన సముద్రమంత సరస్సు, దాని మీంచి కొట్టే గాలి. అందరం చెత్తసంచులు తలమీంచి తొడుక్కుని నిలబడతాం. చివర్లో హైవే సొరంగాల్లోంచి వెళ్తాం. అక్కడ వందలమంది కేకలేస్తే ఆ మోతకి నొప్పులన్నీ ఒక్క నిమిషం మర్చిపోతాం.

మీ ప్రశ్నకి వస్తాను. ఆరు నెలలు చాలు. మొదటిసారి నేను 2 గంటల 9 నిమిషాల్లో వచ్చాను, ఒక్కణ్ణే, పక్క నుంచి జనం గుంపులుగా దాటిపోతుంటే బింకంగా. రెండో ఏడాది నా ఒంట్లో బలమేమీ పెరగలేదు, పైగా రెండు కిలోలు బరువెక్కాను. వచ్చిన టైమ్ 1 గంట 47 నిమిషాలు. తేడా ఒక్కటే, ఇంకొకరి వెనక నిలబడటం నేర్చుకున్నాను.

గంటకి ఇరవై కిలోమీటర్లు దాటాక మీరు పోరాడేది రోడ్డుతో కాదు, గాలితో. ముందువాడి వీపు చాటున ఉంటే ఆ గాలి మీకు తగలదు. సైకిల్ పందేల్లో చూస్తారే, అదే. మేం దాన్ని రైలు అంటాం. మీరు పోయినేడు చూసిన నలభై మందీ ఒక రైలు. బలం ఒక నెలలో పెరగదు, రైల్లో ఉండటం ఒక నెలలో వస్తుంది. ముందు దాని మీద పెట్టండి ధ్యాస.

---

సీతమ్మధార_అక్క | విశాఖపట్నం | 10 మార్చి

బాబూ, బ్రేకు తీయకు! ఆ పార్కులో చెప్పినతను నీకు ఆస్పత్రి ఖర్చులిస్తాడా?

మా పాప నాలుగేళ్ళుగా స్పీడ్ స్కేటింగ్ చేస్తోంది. పందేల పిల్లలకి బ్రేకు ఉండదు నిజమే, వాళ్ళు ఒక కాలు వెనక అడ్డంగా పెట్టి ఈడ్చి ఆపుతారు. అది ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో ఉంటుంది కాబట్టి టీ స్టాప్ అంటారు. చక్రాలు ఒక పక్కే అరిగిపోతాయి గానీ ఆగుతుంది. అది నీకు నిద్రలో కూడా వచ్చేదాకా మడమ బ్రేకు ఉంచుకో. రోడ్డు మీద కుక్క అడ్డం వస్తుంది, మనిషి పడతాడు, నీళ్ళ గ్లాసు దొర్లుతుంది.

ఇంకోటి, పడటం నేర్చుకో. వెనక్కి పడకూడదు, ముందుకి, మోకాళ్ళ మీద మొదట, తర్వాత మోచేతులు. మోకాళ్ళకి, మణికట్లకి రక్షణ వేసుకుని గడ్డి మీద యాభైసార్లు కావాలని పడు. మా కోచ్ గారు మొదటి వారం పిల్లల చేత అదే చేయించారు.

---

చక్రపాణి_బెర్లిన్ | 22 మార్చి

సుబ్బు గారూ, అక్కా, థాంక్స్. గడ్డి మీద పడుతుంటే ఒక పెద్దావిడ అంబులెన్స్ పిలవమంటారా అని అడిగింది.

చిన్న నష్టం జరిగింది. ఒక ఆన్‌లైన్ దుకాణంలో కొత్త బేరింగులు కొన్నాను, చాలా పెద్ద నంబరు రాసి ఉంది, ధర చూస్తే చౌక. రెండు వారాలకే ఒకదాని లోపలి రేకు ఊడొచ్చింది. చక్రం గరగరమంటూ తిరుగుతోంది. ఈ నంబర్ల గోల ఎవరైనా చెప్తారా?

---

రిటైర్డ్_మెకానిక్ | రామచంద్రాపురం | 23 మార్చి

స్కేటింగ్ నాకు తెలియదు. బేరింగుల మధ్య ముప్పై నాలుగేళ్ళు బతికాను కాబట్టి చెబుతున్నాను.

మీ స్కేట్లో ఉండేది 608 రకం. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. మామూలుగా లోపల ఏడు చిన్న గుండ్లుంటాయి. మీరు చెప్పిన నంబరు ఎబెక్ అనే కొలమానం, ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది అని ఉంటుంది. అది బేరింగు ఎంత ఖచ్చితమైన కొలతలతో తయారైందో చెబుతుంది. ఎంత వేగంగా వెళ్తుందో చెప్పదు, ఉక్కు ఎలాంటిదో చెప్పదు, లోపలి రేకు ఎంత గట్టిదో అసలే చెప్పదు.

ఒక లెక్క వేసి చూశాను. 100 మిల్లీమీటర్ల చక్రం ఒకసారి తిరిగితే 31 సెంటీమీటర్ల చిల్లర వెళ్తుంది. గంటకి 25 కిలోమీటర్లంటే నిమిషానికి దాదాపు 1,330 చుట్లు. మీ వంటింట్లో మిక్సీ దానికి పదిరెట్ల పైన తిరుగుతుంది. అంటే వేగం మీ బేరింగుకి పెద్ద పరీక్ష కాదు. దానికి పరీక్ష మీ బరువు, పక్కకి తోసే తోపు, దుమ్ము, నీళ్ళు. కాబట్టి పేరున్న కంపెనీది, ఎబెక్ ఐదైనా చాలు, శుభ్రంగా ఉంచుకోండి. వర్షంలో తిరిగితే ఆ రాత్రే విప్పి తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేయండి. ఒక్క చుక్క. మనవాళ్ళు తాళం కప్పకి కొబ్బరినూనె పోసినట్టు పోయకండి.

---

పరుగు_పిచ్చోడు | 23 మార్చి

మెకానిక్ గారూ, మీరు ఈ వేదికలో ఇంకా ఎక్కువ రాయాలి.

(గోడకి ఆనుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల పది సెకన్లు. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.)

---

అల్ఫారెట్టా_రావు | 2 ఏప్రిల్

పాత గాయం గుర్తొచ్చి రాస్తున్నాను. అమెరికాలో మా జార్జియాలో ఏథెన్స్ అనే ఊరి నుంచి అట్లాంటాకి ఒక స్కేటింగ్ పందెం ఉండేది. 1982లో మొదలైంది, మొత్తం 87 మైళ్ళు, అంటే 140 కిలోమీటర్లు. మారథాన్‌కి మూడింతల పైన! అంత దమ్ములేక నేను 38 మైళ్ళకి పేరిచ్చాను, పదేళ్ళ కిందటి మాట. అక్కడ బెర్లిన్‌లా రోడ్లు మూయరు. ఊరి రోడ్లు, పక్కన కార్లు, ఎర్ర లైటు పడితే ఆగాలి. పైగా అదంతా ఎత్తుపల్లాల నేల, ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు.

ఎక్కేటప్పుడు కాళ్ళు వణుకుతాయి, అది భరించొచ్చు. దిగేటప్పుడు గుండె వణుకుతుంది. ఒక పల్లంలో నా మడమ బ్రేకు రబ్బరు పూర్తిగా అరిగి, బోల్టు రోడ్డుకి తగిలి నిప్పురవ్వలు వచ్చాయి. పక్కనున్న గడ్డిలోకి ఉరికాను. ఎర్రచీమల పుట్ట. తర్వాత సంగతి రాయను.

బెర్లిన్ బల్లపరుపుగా ఉంటుందని విన్నాను, అదృష్టవంతులు. అయినా కొత్త బ్రేకు రబ్బరు వేసుకుని వెళ్ళండి.

---

చక్రపాణి_బెర్లిన్ | 15 జూన్

చాలా రోజులైంది. ఎక్కడిదాకా వచ్చానో చెప్తాను.

వారానికి మూడు రోజులు టెంపుల్‌హోఫ్‌లో. పాత విమానాశ్రయం, 2008లో మూసేసి 2010లో జనానికి పార్కుగా తెరిచారు. విమానాలు దిగిన రన్‌వే మీద మనం స్కేటింగ్ చేస్తాం. చెట్టూ చేమా లేవు కాబట్టి గాలికి అడ్డేమీ లేదు. ఒక వైపు వెళ్తుంటే నాకు రెక్కలొచ్చాయనిపిస్తుంది. వెనక్కి తిరిగితే ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. సుబ్బు గారు గాలి గురించి రాసింది అక్కడ అర్థమైంది. గాలిపటాలు ఎగరేసేవాళ్ళు అందుకే అక్కడ చేరతారు.

నెలకోసారి రీజనల్ రైలెక్కి దక్షిణంగా యూటర్‌బోగ్ వైపు వెళ్తున్నాను. అక్కడ స్కేటర్ల కోసమే వేసిన నున్నటి తారు బాటలు ఉన్నాయి, ఫ్లేమింగ్ స్కేట్ అంటారు, అన్నీ కలిపి 200 కిలోమీటర్ల పైనే. పొలాల మధ్య, అడవి మధ్య, ఒక్క కారు కనబడదు. పోయినవారం 35 కిలోమీటర్లు వెళ్ళాను. చివరి ఐదు కిలోమీటర్లు నడుం పట్టేసి ముసలాయనలా వచ్చాను.

చక్రాలు 84 నుంచి 100కి మార్చాను. అంటే చక్రాలు బిగించే ఫ్రేమ్ కూడా మార్చాల్సి వచ్చింది. ఎత్తు పెరిగింది, మొదటి రోజు కొబ్బరిచెట్టెక్కినట్టుంది. కుడికాలి చీలమండ ముందు భాగంలో బూటు నాలుక ఒరుసుకుని పుండైంది. ఏం చేయాలి?

---

సీతమ్మధార_అక్క | 15 జూన్

లేసులు పైనుంచి రెండో రంధ్రం దగ్గర వదులు చెయ్యి. పుండు మానేదాకా మెత్తని స్పాంజి ముక్కని గుండ్రంగా, మధ్యలో చిల్లుతో కత్తిరించి పెట్టు. పాపకి అదే చేస్తాను. పందెం రోజు కొత్త సాక్సు వేసుకోకూడదు, రాసి పెట్టుకో.

---

వేగమే_వేదం | బెంగళూరు | 16 జూన్

100 ఎందుకండీ ఈ రోజుల్లో? మూడు చక్రాల 125 తీసుకోండి. అందరూ అవే.

డులూత్_సుబ్బు | 16 జూన్

అందరూ ఎవరు? కాళ్ళు కింద నిలబడని వాళ్ళని 125 ఎక్కించి పంపితే పదిహేను కిలోమీటర్లకి చీలమండలు లోపలికి వంగిపోతాయి. మంచి పందెగాళ్ళలో కూడా 110 చక్రాలు నాలుగు వాడేవాళ్ళున్నారు.

వేగమే_వేదం | 16 జూన్

పాత కాలం మాటలు.

డులూత్_సుబ్బు | 16 జూన్

పాత చీలమండలు కూడా.

వేదిక_నిర్వాహకుడు | 17 జూన్

దీని తర్వాత వచ్చిన పదకొండు పోస్టులు చక్రాల సైజుల చర్చలోకి మార్చాను. ఇద్దరూ అక్కడ కొట్టుకోండి.

---

చక్రపాణి_బెర్లిన్ | 24 ఆగస్టు

నాలుగు వారాలుంది. 38 కిలోమీటర్లు 1 గంట 58 నిమిషాల్లో వెళ్ళాను, ఒంటరిగా. కానీ రైలు అలవాటు కావడం లేదు. ఇక్కడ ఒక క్లబ్బువాళ్ళతో బుధవారాలు వెళ్తున్నాను. ముందువాడికి రెండు మీటర్ల లోపు వెళ్తే భయం. వదిలితే గాలి.

---

డులూత్_సుబ్బు | 25 ఆగస్టు

అందరికీ అక్కడే ఆగుతుంది. మీరు ముందువాడి చక్రాలు చూస్తున్నారు, అవునా? చక్రాలు చూస్తే భయం వేస్తుంది. అతని నడుము చూడండి. నడుము ఎడమకి ఊగితే మీరూ ఎడమ కాలు. మన పల్లెల్లో కోలాటం చూశారుగా, ఎదుటివాడి కర్ర చూస్తే దెబ్బ గురి తప్పుతుంది, ఆట లయ పట్టుకుంటే కర్రకి కర్ర సరిగ్గా తగులుతుంది. ఇదీ అంతే. ఒకే లయలో ఉంటే మీ కాలు అతని కాలు ఎక్కడ ఖాళీ చేసిందో అక్కడే పడుతుంది, చక్రాలు తగలవు. లయ తప్పినప్పుడే తగులుతాయి.

రైల్లో ఉన్నంతసేపూ బ్రేకు వేయకూడదు. మీరు వేస్తే వెనక పదిమంది మీ మీద పడతారు. ముందువాడి మీదికి వెళ్ళిపోతున్నారనిపిస్తే లేచి నిటారుగా నిలబడండి, మీ ఛాతీకి గాలి తగిలి వేగం అదే తగ్గుతుంది. లేదంటే అతని నడుం మీద అరచేయి మెత్తగా ఆనించండి. తోయడం కాదు, నేనున్నానని చెప్పడం. ఎవరూ తప్పు పట్టరు. గుంత కనబడితే చెయ్యి కిందికి చూపించి వెనకవాళ్ళకి చెప్పాలి.

ఇంకో సంగతి. ఎప్పుడూ వెనకే ఉండి ఊరికే లాగించుకోవడం మర్యాద కాదు. మీ వంతు వస్తే ముందుకెళ్ళి గాలి తినాలి, ఒక నిమిషమైనా సరే. చేతకాకపోతే ముందే సైగ చేసి చెప్పండి.

---

పరుగు_పిచ్చోడు | 25 ఆగస్టు

అంటే పెళ్ళి భోజనానికెళ్ళి చదివింపులు ఇవ్వకుండా రాకూడదన్నమాట.

---

చక్రపాణి_బెర్లిన్ | 18 సెప్టెంబరు

ఎల్లుండి. హెల్మెట్ తప్పనిసరి, అది సరే. పాత టైమ్ లేదు కాబట్టి చివర బయల్దేరే గుంపులో, అంటే చివరి బ్లాకులో వేశారు. ఎండ బాగా ఉంటుందంటున్నారు. మధ్యాహ్నం మొదలయ్యే పందెం, మన కడుపులకి ఏం తినాలి?

సీతమ్మధార_అక్క | 18 సెప్టెంబరు

పొద్దున ఇడ్లీ. పదకొండింటికి పెరుగన్నం కొంచెం, ఆవకాయ లేకుండా. జేబులో ఖర్జూరాలు. ముందురోజు నుంచే నీళ్ళు తాగు. క్షేమంగా వెళ్ళి రా.

రిటైర్డ్_మెకానిక్ | 18 సెప్టెంబరు

ఇరుసు బోల్టులన్నీ ఈ రాత్రే బిగించి చూసుకోండి. ఒక్కొక్కటీ చేత్తో. నాలుగు చక్రాలు, రెండు కాళ్ళు, ఎనిమిది. లెక్కపెట్టండి.

---

చక్రపాణి_బెర్లిన్ | 21 సెప్టెంబరు

అయిపోయింది. 1 గంట 51 నిమిషాలు. కూర్చుని లేవడానికి మా అమ్మాయి చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది, అందుకని లేవకుండా మొత్తం రాసేస్తాను.

జూన్ 17 వీధి అని, బ్రాండెన్‌బుర్గ్ తోరణం వెనక నుంచి విజయస్తంభం దాకా తీరుగా ఉండే వెడల్పాటి రోడ్డు. అక్కడే మొదలు. సెప్టెంబరులో ఇలాంటి ఎండ నేనీ ఊళ్ళో చూడలేదు, విజయవాడలో దిగినట్టుంది. మా బ్లాకులో అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. డెబ్బై దాటిన తాతగారు, మోకాళ్ళకి పట్టీలు వేసుకున్న జంట, పొట్టున్నవాళ్ళు, లేనివాళ్ళు. అసలు వీరులు ముందు బ్లాకులో ఎప్పుడో వెళ్ళిపోయారు. వాళ్ళలో మగవాళ్ళు ఇదే దూరం గంట లోపల ముగిస్తారు. ఇక్కడ ఎన్నోసార్లు గెలిచిన బెల్జియం స్కేటర్ బార్ట్ స్వింగ్స్ 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద బంగారు పతకం కొట్టాడు. అంటే చక్రాలు తీసి కత్తులు బిగిస్తే అదే కాలు, అదే తోపు.

తుపాకి పేలగానే సుబ్బు గారి పాఠమంతా మర్చిపోయాను. జనం, చప్పట్లు, కాళ్ళలో ఆరు నెలల ఉత్సాహం. మొదటి ఐదు కిలోమీటర్లు అందర్నీ దాటుకుంటూ, ఎవరి వెనకా నిలబడకుండా వెళ్ళాను. ఎనిమిది దాటేసరికి నోరు ఎండిపోయింది. అప్పుడు నా ఎడమ పక్క నుంచి ఆ జల్లెడ చప్పుడు. నారింజ రంగు చొక్కాలో ఒక పెద్దావిడ, అరవై పైనే ఉంటాయి, ఆమె వెనక పదిమంది. ఆమె నా వైపు చూసి వెనక్కి చెయ్యి ఊపింది, ఎక్కు అన్నట్టు. ఎక్కాను. ఆఖరి పెట్టె.

అంతే! గాలి ఆగిపోయింది. వేగం తగ్గలేదు, ఇంకా పెరిగింది, కానీ ఊపిరి అందుతోంది. నడుం చూడమన్నారుగా, ముందున్నాయన నడుం మీదున్న నంబరు గుడ్డే చూశాను. స్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్ కూడలి దాకా రోడ్డు కూడా చూడలేదు. తూర్పు వైపు ట్రామ్ పట్టాలు దాటే చోట్ల ముందు నుంచి కేక వినబడేది, అందరం ఒక కాలు ముందుకి పెట్టి నిలువుగా దాటేవాళ్ళం. నీళ్ళ బల్లల దగ్గర తడి. అక్కడ ఒకాయన జారి, లేచి, నవ్వుతూ మళ్ళీ వచ్చి కలిశాడు.

కాట్‌బుస్సర్ టోర్ దాటాక మా ఇల్లు. పోయినేడు నేను సంచీతో నిలబడ్డ చోటే మా ఆవిడ, అమ్మాయి. అట్టముక్క మీద తెలుగులో "నాన్నా పద" అని పెద్దక్షరాలు. చెయ్యి ఊపబోయి లయ తప్పాను. నా చక్రం ముందాయన చక్రానికి టిక్కుమని తగిలింది. ఒక్క క్షణం ఇద్దరం ఊగిపోయాం. సుబ్బు గారూ, మీరు చెప్పినట్టే అతని నడుం మీద అరచెయ్యి పెట్టాను, ఇద్దరం కుదుటపడ్డాం. ఆయన వెనక్కి చూడకుండానే బొటనవేలు చూపించాడు. మా అమ్మాయికి మాత్రం ఇంటికొచ్చాక ఒకటే మాట, "నువ్వు మమ్మల్ని చూడలేదు."

నా వంతు పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర వచ్చింది. ముందుకెళ్ళి రెండు నిమిషాలు గాలి తిన్నాను. అక్కడ కొంచెం ఎక్కువ మురిసిపోయి వేగం పెంచినట్టున్నాను, నారింజ ఆవిడ వెనక నుంచి జర్మన్‌లో మెల్లగా మెల్లగా అని అరిచింది.

ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర వైల్డర్ ఎబర్ అనే కూడలి ఉంది, పేరుకి అర్థం అడవిపంది. బల్లపరుపు అన్నారే, అక్కడ కంటికి కనబడని ఎత్తు ఒకటుంది, కాళ్ళకి మాత్రం తెలుస్తుంది. నడుం పట్టేసింది. ఒక్కసారి లేచి నిలబడ్డాను, అంతే, నాకూ రైలుకీ మధ్య మూడు మీటర్లు. తర్వాత పది. తర్వాత వాళ్ళ చప్పుడు కూడా లేదు. నాలుగు కిలోమీటర్లు ఒక్కణ్ణే, ఎదురుగాలి. ఆ నాలుగూ తక్కిన ముప్పై ఎనిమిదికి సమానం. ఖర్జూరాలు రెండు తిన్నాను, అక్కకి దండం.

కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ మీద వెనక నుంచి ఇంకో రైలొచ్చింది, కుర్రాళ్ళది. ఎవరూ రమ్మనలేదు. నేనే ఎక్కాను. పోట్స్‌డామర్ ప్లాట్స్ దాకా వాళ్ళతో. చివరి మలుపు తిరిగితే ఉంటర్ డెన్ లిండెన్, ఎదురుగా తోరణం. అది కనబడ్డాక రైలూ లేదు, లయా లేదు, ఎవడి కాళ్ళు వాడివి. నేను లేచి నిలబడి చేతులు ఊపుకుంటూ చిన్నపిల్లాడిలా వెళ్ళాను.

గీత దాటాక బ్రేకు వేయడం మర్చిపోయి ఒక వలంటీరుని కావలించుకున్నాను. ఆమెకది అలవాటే అనుకుంటా.

నారింజ ఆవిడ కోసం వెతికాను. కనబడలేదు. పేరు కూడా అడగలేదు.

---

డులూత్_సుబ్బు | 21 సెప్టెంబరు

నాలుగు కిలోమీటర్ల ఒంటరితనం చదువుతుంటే నా నడుం నొప్పెట్టింది. వచ్చే ఏడాది నడుం వంచడం తగ్గించండి, దానికి బదులు మోకాలు ఇంకా వంచండి. నడుం మీద భారం తగ్గుతుంది. 1:51 మొదటిసారికి చాలా మంచి టైమ్.

అల్ఫారెట్టా_రావు | 21 సెప్టెంబరు

చీమల్లేవు కదా?

చక్రపాణి_బెర్లిన్ | 21 సెప్టెంబరు

లేవండీ.

పరుగు_పిచ్చోడు | 22 సెప్టెంబరు

అన్నా, ఒకటి చెప్పాలి. మా పరుగులో ఎవరి బాధ వాళ్ళది. పక్కవాడి గాలి పక్కవాడిదే. మీ రైలు సంగతి చదివాక కుళ్ళుగా ఉంది. హైదరాబాద్‌లో ఎక్కడ నేర్పిస్తారు? పెద్దవాళ్ళని చేర్చుకుంటారా?

సీతమ్మధార_అక్క | 23 సెప్టెంబరు

ఇందిరా పార్కులో రింకుంది, అడిగి చూడు తమ్ముడూ. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసినది సైకిళ్ళ బాట, అక్కడికి స్కేట్లతో వెళ్ళేముందు అడుగు. పిల్లలతో కలిసి నేర్చుకోవడానికి సిగ్గుపడకు.

చక్రపాణీ, మా ఇంట్లో ఈ నెలంతా పండగే. చెన్నై అబ్బాయి ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చైనాలోని బైదైహెలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో 1,000 మీటర్ల బంగారం కొట్టాడు, దాంతోపాటు 42 కిలోమీటర్ల మారథాన్ కూడా గెలిచాడు. నువ్వు చేసిన దూరమే! 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన మగపిల్లల రిలే జట్టూ ఆడపిల్లల రిలే జట్టూ కాంస్యాలు తెచ్చినప్పుడు ఆ మగపిల్లల జట్టులో ఇతనూ ఉన్నాడు. ఇన్నాళ్ళూ పాప స్కేటింగ్ అంటే మా అత్తగారు "చక్రాలాట" అనేవారు. ఇప్పుడు ఆ వార్త ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించారు.

పాప దృష్టి ఇప్పుడు మారథాన్ మీద పడింది. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళ ఉంటుంది, ఐదింటికి లేపి తీసుకెళ్తున్నాను. నడకవాళ్ళని తప్పించుకుంటూ ఎంతైతే అంత. ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడుతున్నాయి, దానికేం చేయాలో మెకానిక్ గారు చెప్పాలి.

రిటైర్డ్_మెకానిక్ | 23 సెప్టెంబరు

ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవాలి, నీళ్ళతో కడగొద్దు. వారానికోసారి విప్పి మళ్ళీ ఒక చుక్క. రబ్బరు మూత ఉన్నవి కొనండి, రేకు మూతవి కాదు.

చక్రపాణి_బెర్లిన్ | 23 సెప్టెంబరు

ఆ వార్త మా ఆఫీసులో అందరికీ చూపించాను అక్కా. నేను కొట్టినట్టే.

మా బావమరిది దసరాకి వైజాగ్ వస్తున్నాడు, సామాన్లో చోటుంది. నా పాత 84 చక్రాలు పాపకి చిన్నవైపోతాయి కానీ ఇక్కడ క్లబ్బులో ఒకతను ఇంకా అరగని చక్రాలు సగం ధరకి ఇస్తానన్నాడు, 90లూ ఉన్నాయి, 100లూ ఉన్నాయి. పాప ఫ్రేమ్ మీద కొలత రాసి ఉంటుంది, చూసి చెప్పండి. శుక్రవారం లోపల అయితే పంపేస్తాను.